పిల్లలకు మనమిచ్చు భయము

ఈ సంచికకు సంస్కృతిపరమైన వ్యాసమొకటి వ్రాసి ఇమ్మని సంఘమువారు కోరినప్పుడు మేము కొంత సంకోచించితిమి. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, ముప్పదియైదేండ్లు కచేరీలో దస్తరములు కట్టుచు విప్పుచు గడపిన గుమాస్తాకు సంస్కృతిని గూర్చి చెప్పు అధికారమెక్కడిది? బళ్లారి రాఘవగారి నటనను గూర్చియు, ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి నాటకములను గూర్చియు వ్రాయగల పెద్దలు మన ఊరిలో ఉన్నారు. ఆ పని వారిదే. మేము మా ఇంటిలో పుట్టిన ఒక ప్రశ్నను మాత్రము పాఠకుల ముందుంచుచున్నాము. పిల్లలను కాపాడుటకై వారికి భయము నేర్పుట ధర్మమా? ధర్మమే అయినచో ఎంత నేర్పవలెను, ఏ రూపమున నేర్పవలెను?

ఈ ప్రశ్న గ్రంథములు చదువగా పుట్టినది కాదు. 2023వ సంవత్సరము మే నెలలో, బాపట్లకు 9 కిలోమీటర్ల దూరముననున్న సూర్యలంక సముద్రతీరమున, ఒక సరుగుడుతోటలో, గుడారము క్రింద మూడు రాత్రులు పండుకొన్నప్పుడు పుట్టినది. మేము, మా గృహిణి, కుమారుడు, కోడలు, ఎనిమిదేండ్ల మనుమరాలు, అయిదేండ్ల మనుమడు – ఇంతమందిమి పోయితిమి. బళ్లారివారికి సముద్రతీరమున గుడారమేల అని పాఠకులు అడుగవచ్చును. మేమును అదే అడిగితిమి. వినినవారు లేరు.

మన ఊరికిని సముద్రమునకును గల సంబంధము విచిత్రమైనది. మదరాసు రాజధానిలో చేరియున్నంతకాలము మనది సముద్రమున్న రాష్ట్రమే. 1953 అక్టోబరు 1వ తేదీన జిల్లా చీలి, ఆలూరు, ఆదోని, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రరాష్ట్రమునకు పోగా, బళ్లారి మైసూరులో కలిసెను. నాటి మైసూరునకు సముద్రతీరము లేదు. 1956 నవంబరులో కారవారము, మంగళూరు వచ్చి చేరువరకు, మూడేండ్లపాటు మనవారు కాగితముమీద సైతము సముద్రము లేనివారైరి. మా మనుమలు ఎరిగిన మహాజలము హోసపేట ఆనకట్ట ఒక్కటే; అదియును కటకటాల వెనుకనుండి చూచినదే. మనుమరాలు కన్నడపాఠములో ‘కడలు’ అని చదివి, ఇంటికి వచ్చి ‘కడలి అన్నా అదేనా తాతా?’ అని అడిగినది. అదే అని చెప్పితిమి. ‘అయితే చూపించు’ అన్నది.

గుడారపు ఆలోచన మా కుమారుని సహోద్యోగిది. అతడు సిరుగుప్ప తాలూకాలోని ఒక క్యాంపువాడు. మన జిల్లాలో క్యాంపు అనగానే గుడారము తలపునకు రాదు. తుంగభద్ర కాలువలు పారిన తరువాత కోస్తాజిల్లాలనుండి వచ్చి, రేగడిభూములు కొని వరి పండించిన రైతుల ఊళ్లకు ఆ పేరు నిలిచిపోయినది. మొదట పాకలు వేసికొని తాత్కాలికముగా ఉండవచ్చినవారు. నేడు వారి మనుమలకు మేడలున్నవి, ఊరిపేరులో మాత్రము క్యాంపు అట్లే ఉన్నది. ఈ సహోద్యోగి తాతగారు బాపట్ల ప్రాంతమునుండి వచ్చినవారు. వారి బంధువులకు సూర్యలంకవైపు సరుగుడుతోట యున్నది. రెండు గుడారములు అద్దెకు తెచ్చుకొని ఆ తోటలో ఉండవచ్చునని అతడు చెప్పెను. అమరావతి ఎక్స్‌ప్రెస్సులో గుంటూరు చేరి, అచటినుండి బస్సులో బాపట్లకు పోయితిమి.

మా కచేరీలో క్యాంపు అను మాటకు మూడవ అర్థముండెను. దొరగారు పర్యటనలో ఉండి పంపు ఉత్తరములకు తలపై ‘క్యాంపు: సండూరు’ అని వ్రాయుట వాడుక. ఆ వాడుకకు మూలపురుషులలో మన జిల్లావారికి చిరపరిచితుడైన థామస్ మన్రో ఒకడు. 1800 నుండి 1807 వరకు దత్తమండలముల కలెక్టరుగా ఉండి, పన్నులు నిర్ణయించుటకై గుడారములు వెంటబెట్టుకొని ఊరూర తిరిగెను. గవర్నరై మరల ఈ సీమకు పర్యటనకు వచ్చి, 1827 జూలై 6వ తేదీన పత్తికొండలో విశూచిచే మరణించెను. అంతకంటె మా మనసునకు దగ్గరివారు ఏనుగుల వీరాస్వామయ్యగారు. మదరాసు సుప్రీముకోర్టులో ద్విభాషిగా పనిచేసిన ఆ గృహస్థు 1830 మే నెలలో కుటుంబముతోను, పెద్ద పరివారముతోను కాశికి బయలుదేరి, మజిలీ మజిలీకి డేరాలు వేసికొనుచు పోయి, 1831 సెప్టెంబరులో క్షేమముగా తిరిగివచ్చిరి. కచేరీ ఉద్యోగి ఆడవారిని వెంటబెట్టుకొని అంతదూరము పోగలిగినప్పుడు, మూడు రాత్రులకు మేము వణకుట సిగ్గుచేటని మాకు మేము చెప్పుకొంటిమి. వణకుట మాత్రము మానలేదు.

మే నెలలో గుడారవాసమును గూర్చి ఒక్కమాట చెప్పవలెను: ఎవరును చేయవద్దు. బళ్లారి ఎండ పొడిగా కాల్చును, నీడకు పోయిన విడిచిపెట్టును. కోస్తా ఎండ అట్లు కాదు. ఉక్కపోతయై నీడలోనికి సైతము వెంటవచ్చును. ఉదయము తొమ్మిది గంటలకు గుడారములోపల ఆవిరికుడుము అగుదుము. సరుగుడాకు పైకి మెత్తగా కనిపించును. దానిలో ఎర్రచీమలు కాపురముండును. అన్నములో ఇసుక, చెవిలో ఇసుక, మా కండ్లజోడు పెట్టెలో ఇసుక. మా గృహిణి ముందుచూపుతో మూట కట్టించిన బొరుగులు మాత్రము మమ్ము ఆదుకొన్నవి. వానిని నీళ్లలో తడిపి పిండి, తాలింపు వేసి, పుట్నాలపొడి చల్లి ఉగ్గాని చేసినచో పొయ్యి పావుగంటకంటె ఎక్కువ మండనక్కరలేదు. పక్కనున్న జాలరులపిల్లలు ఆ వాసనకు వచ్చి, పెట్టినది తిని, ‘ఇది ఉప్మానా, మరమరాలా?’ అని చర్చించుకొనిరి.

ఆ కాలమున జాలరులు వేటకు పోరు. చేపలు గ్రుడ్లుపెట్టు కాలమగుటచే ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు 61 దినములు తూర్పుతీరమున మరపడవల వేట నిషిద్ధము. పడవలన్నియు ఒడ్డున ఇసుకమీద వరుసగా పండియుండెను. పనిలేని మగవారు వాని నీడలో వలలు బాగుచేసికొనుచుండిరి. వారిలో డెబ్బదేండ్లకు దగ్గరైన వృద్ధుడొకడు మాకు స్నేహితుడయ్యెను. మమ్ము ‘మేష్టారూ’ అని పిలిచెను. మేము ఏనాడును బడిపంతులము కామని చెప్పినను పిలుపు మార్చలేదు.

మొదటి రెండు దినములు మేము మా పద్ధతిలో పిల్లలను కాపాడితిమి. అనగా అరచితిమి. ‘అటు పోవద్దు, ఇటు రండి, అల వచ్చుచున్నది, లోపల పెద్ద చేప యున్నది, ఈడ్చుకొని పోవును’ అని అరచి అరచి గొంతు బొంగురుపోయెను. తెలుగిండ్లలో ఇది అనాదిగా వచ్చు విద్యయే. అన్నము తిననిచో బూచివాడు వచ్చును. నిద్రపోనిచో పోలీసువాడు వచ్చును. బావివైపు పోయినచో దయ్యమున్నది. బొబ్బిలియుద్ధమునాటి ఫ్రెంచిసేనాని బుస్సీ పేరే బూచి అయినదని కొందరందురు. ఆ కథయందు మాకు నమ్మకము తక్కువ. 1757కు ముందు తెలుగుతల్లులు పిల్లలకు భయము చెప్పకుండ అన్నము పెట్టిరనుట ఎట్లు? మనుమడు మా మాటలకు నిజముగనే భయపడెను. రెండవనాడు మోకాలిలోతునకు సైతము దిగక తల్లి కొంగు పట్టుకొని నిలిచెను. మాకు లోలోపల సంతోషమే కలిగినది. ఆ సంతోషమును పాఠకులు గుర్తుంచుకొనవలెనని మనవి.

వృద్ధుడు ఇది యంతయు చూచుచుండెను. తన మనుమలను, మా మనుమరాలిని తడియిసుకపై కూర్చుండబెట్టి ఒక పుల్లతో గీతలు గీచి చూపెను. అలలు ఎగసి విరుగుచుండగా నడుమ ఒకచోట మాత్రము నీరు చదునుగా కనిపించును. చూచినవారు ఇదియే మంచిచోటని దిగుదురు. ఒడ్డుకు వచ్చిన నీరంతయు తిరిగి లోనికి పోవు దారి అదియే. ‘అక్కడ దిగితే లోపలికి లాగుద్ది. లాగినప్పుడు ఒడ్డుకేసి పెనుగులాడకూడదు. పక్కకి పోవాలి, ఒడ్డెంబటే పక్కకి. ఆ లాగుడు ఎడల్పు ఎంతో ఉండదు. దాటేసినాక అలే తెచ్చి ఒడ్డున పడేస్తది’ అనెను. తరువాత రెండు వేళ్లు చూపి, ‘ఒంటరిగా దిగకూడదు, చెప్పకుండా దిగకూడదు’ అని పిల్లలచేత వల్లె వేయించెను. పెద్దచేపను గూర్చి ఏమియు చెప్పలేదు.

ఆనాటి రాత్రి మాటలలో తెలిసినది. 1977 నవంబరు 19న వచ్చిన తుపానులో ఆయన చెల్లెలు పోయినదట. దివిసీమను ముంచి వేలకొలది జనమును పొట్టను పెట్టుకొన్న ఉప్పెన అదియే. నాడు మేము యువకులము. పత్రికలలో ఆ చిత్రములు చూచి బళ్లారిలో చందాలు వసూలుచేసిన గుంపులో మేమును తిరిగియుంటిమి. ఆమెను గూర్చి చెప్పిన ఆయన, మరునిమిషమే ‘రేపు పొద్దున్నే పిల్లల్ని తీసుకురండి మేష్టారూ, నీళ్లు బాగుంటయ్’ అనెను. మేము ఉండబట్టలేక, చెల్లెలిని పోగొట్టుకొని పిల్లలను అదే నీటిలోనికి ఎట్లు పంపగలుగుచున్నారని అడిగితిమి. ఆయన కొంతసేపు వలముడులు చూచుకొని, ‘సముద్రం తీసుకుపోయిందని సముద్రాన్ని మానేస్తే మేం తినేదేంటి?’ అనెను. ఇందులో గొప్ప వేదాంతమేదో కలదని మేము చెప్పబోము. అది బ్రతుకుతెరువు మాట. ఆయనకు భయపడు సౌకర్యము లేదు. మాకు కలదు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఉక్క ఒక కారణము. రెండవది మా అన్న.

1969లో మాకు తొమ్మిదేండ్లు, ఆయనకు పదమూడు. ఆ కాలమున మన ప్రాంతమున మగపిల్లలు తోటలలోని దిగుడుబావులలో ఈత నేర్చుకొనెడివారు. నడుమునకు బెండ్లు కట్టి, గట్టుమీద ఒక మేనమామయో బాబాయియో నిలిచి, నీటిలోనికి త్రోయుదురు. దినదినము ఒక్కొక్క బెండు తగ్గింతురు. బెండ్లు లేనినాటికి ఈత వచ్చియుండును. మా తండ్రిగారికి నీరనిన గిట్టదు. బావి మొగము చూడరాదని ఆజ్ఞ. మా అన్న ఒకనాటి మధ్యాహ్నము చాటుగా పోయెను. చాటుగా పోయెను గనుక బెండ్లు అడుగలేదు, గట్టుమీద పెద్దవారెవరును లేకపోయిరి. వెంటపోయిన ఇద్దరు పిల్లలు భయముచే పరుగెత్తి ఇంటికి వచ్చిరి గాని, మా ఇంటికి కాదు, వారి వారి ఇండ్లకు. సాయంకాలమువరకు మాకు ఎవరును చెప్పలేదు.

ఆ తరువాత మా తల్లిగారు మిగిలిన పిల్లలలో ఒక్కరిని నీటియంచుకు పోనీయలేదు. ఆమె భయము తరము దాటినది. 2008 డిసెంబరులో తుంగభద్రా పుష్కరములకు మంత్రాలయము పోయినప్పుడు, ఇరువదియొక్క సంవత్సరముల మా కుమారుడు రెండవమెట్టు దిగుచుండగా వెనుకనుండి వాని చొక్కా పట్టుకొని లాగినది. మీసములు వచ్చినవాడు, కళాశాలలో చదువుచున్నవాడు, నవ్వుచు గట్టుమీదనే కూర్చుండి చెంబుతో స్నానము చేసెను. మేము చూచుచు ఊరకుంటిమి. ఊరకుంటిమి అనుట సగము నిజము. వానికి చిన్ననాటనే ఈత నేర్పుదునని వాని మేనమామ అడుగగా వలదన్నవారము మేమే. అమ్మ పేరు చెప్పితిమి గాని, ఆ భయము మాది.

మా తల్లిని తప్పుపట్టు అధికారము మాకు లేదు. పదమూడేండ్ల కుమారుని పోగొట్టుకొనలేదు గనుక. అయినను ఆ గుడారములో పండుకొని, యాబదినాలుగేండ్ల తరువాత మేము మొదటిసారి ఒక సంగతి గమనించితిమి. మా అన్నను మ్రింగినది నీరొక్కటే కాదు, చాటు. ఆజ్ఞ వానిని బావికి పోకుండ ఆపలేదు. చెప్పి పోకుండ మాత్రము ఆపినది. చెప్పకుండా దిగకూడదని ఆ జాలరి చూపిన రెండవ వేలు మా ఇంటిలో ఎవరును చూపలేదు.

మరునాటి సాయంకాలము జరిగినది ఇది. మనుమని ప్లాస్టిక్కు బొక్కెన అలకు కొట్టుకొని పోయినది. వాడు ఏడ్చెను. మా కుమారుడు ‘తెస్తా ఉండు’ అని దిగెను. మొలలోతులో బొక్కెన చేతికి చిక్కెను. వెనుకకు తిరుగబోవునప్పుడు కాలిక్రింది ఇసుక జారినది. ఒడ్డువైపు మొగము పెట్టి ఒక అడుగు వేసిన రెండడుగులు వెనుకకు పోవుచున్నాడు. నీరు రొమ్మువరకు వచ్చినది. మా మనుమరాలు అలల మ్రోతలో ‘పక్కకు నాన్నా, పక్కకు’ అని కేకలు వేయుచుండెను, వానికి వినబడలేదు. మా నోట మాట రాలేదు. వృద్ధుని పెద్దకొడుకు వల విడిచి, పరుగు కూడ కాదు, వడిగా నడచిపోయి మావాని దండ పట్టుకొని ఒడ్డు వెంబడి ప్రక్కకు నడిపించెను. నలువదిగజముల దూరమున ఇద్దరును తేలికగా గట్టెక్కిరి. అంతయు కలిసి రెండు నిమిషములు పట్టియుండదు. బొక్కెన మావాని చేతిలోనే యున్నది.

వాడు ఇసుకపై కూర్చుండి మొదట నవ్వెను, పిమ్మట నవ్వలేదు. కొంతసేపటికి మాతో మెల్లగా, ‘కాళ్లు ఏం చెయ్యాల్నో నాకు తెలియలేదు నాయనా’ అనెను.

ముప్పదియారేండ్లవాడు ఆ మాట అనినప్పుడు మేమేమి చెప్పగలము? వానికి నీటిని గూర్చి మేము నేర్పినది పుష్కలముగా కలదు. నీరు మ్రింగునని నేర్పితిమి, లోతు తెలియదని నేర్పితిమి, నాయనమ్మ ఏడ్చునని నేర్పితిమి. కాళ్లు ఏమి చేయవలెనో తప్ప అన్నియు నేర్పితిమి. ఎనిమిదేండ్ల పిల్లకు ఒక పూటలో తెలిసినది, దాని తండ్రికి మేము ముప్పదియారేండ్లలో తెలియనీయలేదు.

తల్లుల పోషణను గూర్చి మన పెద్దలు ఒక నీతి చెప్పుదురు. పక్షి స్పర్శచేతను, చేప చూపుచేతను, తాబేలు తలపుచేతను పిల్లలను పెంచునట. గురువులు శిష్యులను అనుగ్రహించు దీక్షలకు సైతము ఈ పోలికయే చెప్పుదురు. పసితనమున రెక్కలక్రింద, కొంత ఎదిగినచో కంటియెదుట, పెద్దయైనచో తలపులో – ఇట్లు విడిచిపెట్టవలెనని దీనికి మేము అర్థము చెప్పుకొనెడివారము. సముద్రతీరమునకు పోయిన తరువాత ఈ నీతిలో ఒక చిక్కు కనిపించినది. ఆ తీరములోనే చలికాలపు రాత్రులలో తాబేళ్లు ఒడ్డుకు వచ్చి, ఇసుకలో గుంట త్రవ్వి, నూరు గ్రుడ్లకు అటునిటుగా పెట్టి, కప్పి, సముద్రములోనికి పోవును. ఏబది దినములకు పిల్లలు తమంతట తాము వెడలి నీటివైపు ప్రాకును. అప్పటికి తల్లి ఎక్కడనుండునో! వేయింటిలో ఒకటి పెరిగి పెద్దదగుట అరుదని తెలిసినవారందురు. నూరు గ్రుడ్లు పెట్టిన తాబేలు తలపుతో విడిచిపెట్టవచ్చును. మనకున్నది ఇద్దరు. ‘పిల్లలను స్వేచ్ఛగా వదలుడు, తామే నేర్చుకొందురు’ అని నేడు కొందరు చెప్పు మాటకు మేము తలయూపలేకున్నది ఇందుకే. సముద్రము ఎవరికిని రెండవమారు పాఠము చెప్పదు.

కనుక భయము వలదని మా వాదము కాదు. భయములో రెండు జాతులున్నవని మా వాదము. ఇండోనేషియాలో సుమత్రాకు పడమట సిమెలూ అను దీవి కలదు. 1907లో అచట భూమి కంపించి సముద్రము పొంగి ఎందరో చనిపోయిరి. మిగిలినవారు ఆ ఉప్పెనకు ‘స్మోంగ్’ అని పేరుపెట్టి, దానిని కథగను, జోలపాటగను పిల్లలకు చెప్పుచు వచ్చిరి. పాటలో దయ్యము లేదు, పెద్దచేప లేదు. భూమి గట్టిగా ఊగి, పిదప సముద్రము వెనుకకు తీసినచో ఎవరికొరకును ఆగక కొండెక్కుమని ఉన్నది, అంతే. 2004 డిసెంబరు 26న మహాసముద్రపు అంచుననున్న దేశములన్నిట లక్షలమంది పోయిరి. మన తీరమునను ప్రాణములు పోయినవి. భూకంపకేంద్రమునకు మిక్కిలి దగ్గరగానున్న ఆ దీవిలో డెబ్బదివేలకు మించిన జనములో ఉప్పెనకు బలియైనవారు ఏడుగురు. తొంబదియేడేండ్లు తల్లులు పిల్లలకు ఇచ్చినది భయమే. కాని ఆ భయమునకు కాళ్లుండెను. ఎటు పరుగెత్తవలెనో దానికి తెలియును.

మేమిచ్చిన భయమునకు కాళ్లు లేవు. అది కూర్చుండును, చొక్కా పట్టుకొనును. మనుమడు కొంగు పట్టుకొని నిలిచిననాడు మాకు కలిగిన సంతోషము వాడు క్షేమముగా ఉన్నాడని కాదు, ఇక మేము పడవనీడను హాయిగా కూర్చుండవచ్చునని. భయపెట్టుటకు ఒక్కమాట చాలును, కూర్చున్నచోటినుండి అరువవచ్చును. నేర్పుటకు లేచి నీటిలోనికి దిగవలెను, తాను తడియవలెను, ముందు తనకు తెలియవలెను. పిల్లల మేలునకని చెప్పి మన శ్రమను తప్పించుకొను ఈ పద్ధతిని మేము ప్రేమ అని పిలుచుచు వచ్చితిమి. యశోద కూడ బాలకృష్ణుని రోటికి కట్టినది గదా అని మాకు మేము నచ్చజెప్పుకొనుటయు కలదు. ఆమె వెన్న దొంగిలించినందుకు కట్టినది. యమునకు పోవునని కాదు. ఆ పిల్లవాడు కాళిందిలో దుమికిననాడు ఆమె రోలు వెదకలేదు, మడుగుగట్టునకు పరుగెత్తినది.

తిరుగుప్రయాణములో రైలులో ఈ ఆలోచనలన్నియు మా గృహిణితో చెప్పితిమి. ఆమె విని, ‘మీరు భయపెట్టినందుకే వాడు ముప్పదియారేండ్లు బ్రతికి బట్టకట్టినాడు కదా. ఈత నేర్పివుంటే ఏ చెరువులోనికి దూకివుండునో, మీకేమి తెలుసు?’ అన్నది. మేము గుంతకల్లువరకు ఆలోచించితిమి. సమాధానము దొరకలేదు. ఈత వచ్చినవారును మునిగిపోవుదురు. పత్రికలలో చదువుచునే యున్నాము. చేయని పనికి ఫలమును లెక్కకట్టు పట్టిక ఏ కచేరీలోను లేదు. ఆమె ఇంకొక మాట కూడ అన్నది: ‘మీ అమ్మగారు చెడ్డదని వ్రాయవద్దు.’ వ్రాయలేదు. ఆమెకు ఎవరును పుల్లతో ఇసుకపై గీత గీచి చూపలేదు, అంతే. పైగా ఆ దినములలో ఆడువారు బావిగట్టున నిలిచి నేర్పు ఆచారము మన యిండ్లలో లేదు. ఆమెకు చేతనైనది చొక్కా పట్టుకొనుట ఒక్కటియే.

ఇంటికి వచ్చిన రెండు వారములకు మా కుమారుడు తానును ఇద్దరు పిల్లలును ఈత నేర్చుకొందుమని నగరములోని ఒక ఈతకొలనులో చేరినాడు. మమ్ము అడుగలేదు, చెప్పినాడు. తండ్రియు, అయిదేండ్ల కొడుకును ఒకే తరగతిలో కొయ్యను పట్టుకొని కాళ్లు ఆడించుట చూచి కొలనువారు నవ్వెడివారు. మనుమరాలు ముందు నేర్చినది. మనుమడు నాలుగుమాసములు తీసికొనెను. మావాడు ఇప్పటికిని లోతువైపు పోవునప్పుడు గట్టును ఒకమారు ముట్టుకొనును.

మేము ఆదివారములు వారితో పోయి గట్టుమీద బల్లపై తువ్వాళ్లు ఒడిలో పెట్టుకొని కూర్చుందుము. వారిలో ఎవరైనను తల నీటిలో ముంచినప్పుడు మేము లోలోపల లెక్కపెట్టుదుము. గుమాస్తా అలవాటు. పండ్రెండు దాటిన దినము ఇంతవరకు లేదు. మొన్న మనుమరాలు పైకి వచ్చి, మా పెదవులు కదలుట చూచి, ‘ఎంత అయింది తాతా?’ అని అడిగినది. తొమ్మిది అని చెప్పితిమి. ఈమారు పదిహేనువరకు ఉందునని చెప్పి మరల మునిగినది.